వదులు చేసిన మూతలు

పోయిన వారం మన కళ్ళజోళ్ళమ్మాయిని నడిమెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. ఒక చేతిలో పాల సీసా, రెండో చేతిలో టపా పెట్టెలోంచి తీసిన కవరు, ఆ కవర్లో మొగుడి రాతతో నిండిన ఫారం నకలు. ఇంకాసేపు అక్కడే ఉంచితే పాలు విరిగిపోతాయి. కాబట్టి జరిగింది నాలుగు ముక్కల్లో గుర్తు చేసుకుని పిల్లను పైకి పంపించేద్దాం.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. మొగుడు మేనత్త కొడుకే కావడంతో పెళ్ళయి పన్నెండేళ్ళయినా ‘బావా’ అనే పిలుస్తుంది, మనకూ ఆ పిలుపే అలవాటైపోయింది. బావ సైన్యంలో లారీ నడిపేవాడు. ఆరేళ్ళ కిందట దారిలో మందుపాతర పేలి కుడిచెయ్యి మోచేతి కింది నుంచి పోయింది. ఎడమచేతికి చివరి రెండు వేళ్ళు ఉన్నాయన్న మాటే గాని వంగవు. కుడివైపు ఇప్పుడు రెండు ఇనుప కొక్కేల కృత్రిమ చెయ్యి.

ఎనిమిది నెలలుగా బావ మాజీ సైనికుల శిక్షణ కేంద్రంలో కుట్టుమిషన్లు బాగుచేసే పని నేర్చుకుంటున్నాడు. చేరిన మూడో వారంలో మనిషి స్నానాల గదిలో ఈల వేశాడు. అయిదేళ్ళుగా ఆ ఇంట్లో వినపడని ఈల అది. ఆ రోజు అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కళ్ళు తుడుచుకున్నారు. అంతా బాగుందనుకునేలోగా, నెల కిందట ఉత్తరం వచ్చి పడింది. డెబ్భై శాతం ఉన్న వైకల్యాన్ని ముప్పై అయిదుకి దించేశారట. యాభై దాటకపోతే పెన్షన్ తగ్గడంతో ఆగదు, కేంద్రంలో సీటు కూడా పోతుంది. అప్పీలు పెడితే, ఒక అధికారి ఇంటికొచ్చి కళ్ళారా చూసి తేలుస్తారని జవాబు వచ్చింది. ఆ రావడం ఇవాళే, పొద్దున పదింటికి. ఎందుకు దించారో తెలుసుకుందామని ఆమె అడిగిన ఫారం నకలు కూడా సరిగ్గా ఇవాళే చేతికందింది.

ఇప్పుడు ఏడున్నర అయింది. ఆమె తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

లోపలికొచ్చి ఇది మన ఇల్లేనా అనుకుంది. మంచం దుప్పటి మీద ఒక్క ముడత లేదు. గోడవారగా చెప్పులన్నీ ముక్కులు కలిపి వరసలో నిలబడ్డాయి. అల్మరాలో గ్లాసులు ఎత్తు ప్రకారం సర్దుకుపోయాయి. సైనికుడికి తనిఖీ అంటే ఒకటే అర్థం. పై అధికారి వస్తున్నాడు, లోపం కనపడకూడదు. లోపం చూసి పోదామని వచ్చేవాళ్ళ కోసం బావ లోపమన్నది లేకుండా ఇల్లు సిద్ధం చేసి, గడ్డం గీసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు.

“ఎలా ఉంది?” అన్నాడు గర్వంగా.

ఆమె పాల సీసా బల్ల మీద పెట్టి కాగితం అతని ముందుకు చాచింది. “ఇదేంటి బావా?”

బావ దాన్ని కొక్కేలతో పట్టుకుని చూశాడు. “నా ఫారమే. నీకెక్కడిది?”

“నువ్వే నింపావా?”

“నేను కాక? గీతలు చూడు, ఎడమచేత్తో ఎంత తిన్నగా కొట్టానో.”

గీతలు నిజంగానే తిన్నగా ఉన్నాయి. ఫారంలో పందొమ్మిది ప్రశ్నలు. చొక్కా గుండీలు పెట్టుకోగలరా? బూట్ల లేసు కట్టుకోగలరా? బిగించిన సీసా మూత తీయగలరా? తలుపు గడియ వేసి తీయగలరా? ప్రతి ప్రశ్నకీ ఎదురుగా రెండు గళ్ళు: ‘చేయగలను’, ‘చేయలేను’. బావ పందొమ్మిదింటికీ మొదటి గడిలోనే గీత కొట్టాడు. రెండో వరస కడిగిన పలకలా ఉంది.

“పందొమ్మిదికి పందొమ్మిదీనా?” అంది ఆమె. “ఒక్కటి, కనీసం ఒక్కటి, చేయలేనని పెట్టడానికి నీకు చెయ్యి రాలేదా?”

“అదేంటే! పైనుంచి ఒకాయన ‘ఇది చేయగలవా’ అని అడిగితే, ‘చేయలేను’ అన్నవాణ్ణి నా సర్వీసులో నేను చూళ్ళేదు. బ్రేకులు సరిగ్గా పడని బండిచ్చి ‘పోగలవా’ అంటే ‘పోగలను సార్’ అన్నాం. పోయాం కూడా.”

“వాళ్ళు నీ పైవాళ్ళు కాదు బావా. నీకేం కావాలో కనుక్కుందామని పంపిన కాగితం ఇది.”

“కాగితమైనా మనిషైనా అడిగే పద్ధతి ఒకటేగా.”

ఇది ఒక్క బావకి పట్టిన తెగులు కాదు. కేంద్రంలో పద్నాలుగు మంది ఈ ఫారం నింపితే పదకొండు మందికి శాతం తగ్గిన ఉత్తరాలొచ్చాయి. కాలు లేనివాడు మెట్లెక్కగలనన్నాడు. వినపడనివాడు ఫోన్లో మాట్లాడగలనన్నాడు. అక్కడి మిషన్ మేస్త్రి, జీవితంలో ఒక్కరోజు కూడా సైన్యం మొహం చూడని మనిషి, తల పట్టుకుని కూర్చున్నాడట. “మీ తల తీసేసి ‘ఎలా ఉంది’ అని అడిగినా ‘తేలిగ్గా ఉంది సార్’ అంటారయ్యా” అన్నాడట.

“అబద్ధం రాసి తెచ్చుకున్న కష్టం ఇది,” అంది ఆమె.

ఆ మాటకి బావ మొహం మారింది. “అబద్ధమా? ఇందులో ఒక్క అబద్ధం చూపించు. మిగతావాళ్ళ సంగతి నాకనవసరం, వాళ్ళు బింకానికి రాసుంటారు. నేను రాసిన ప్రతిదీ నేను రోజూ చేస్తున్నదే. కావాలంటే చూడు.”

తువ్వాలు విసిరేసి, గోడ మేకుకి వేలాడుతున్న చొక్కా తొడుక్కున్నాడు. ఎడమచేతి బొటనవేలితో పైనుంచి కిందికి టకటకా నొక్కుకుంటూ పోయాడు. అయిదు గుండీలూ పడ్డాయి. “ఎన్ని సెకన్లు?” అన్నాడు. బూట్లలో కాళ్ళు దూర్చి, లేసు చివర పట్టి ఒక్క లాగు లాగాడు. ముడి అందంగా నిలబడింది. వెనక తలుపు గడియ వెన్నలా జారింది. చివరికి వంటింట్లోకి వెళ్ళి జామ్ సీసాను కుడిచంకలో ఇరికించి ఎడమచేత్తో ఇలా తిప్పాడో లేదో, మూత ఊడి చేతిలోకి వచ్చింది.

“ఏది అబద్ధం? చెప్పు!”

గది మూల కుర్చీలో బఠాణీలు ఒలుస్తున్న అత్త ఒలవడం ఆపేసింది. కోడలి వంక చూసింది. కోడలు అత్త వంక చూడకుండా నేల వంక చూసింది. మింగలేక కక్కలేక అంటారే, ఆ స్థితి ఏమిటో ఆమెకి అప్పుడు బాగా తెలిసింది.

ఎందుకంటే బావ చెప్పింది నిజం. ఫారంలో అబద్ధం లేదు. అబద్ధమంతా ఆ ఇంట్లో ఉంది. దాన్ని ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే లేచి తయారుచేస్తున్నది ఆమే.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి నెలలో బావ ఒకరోజు ఇలాగే జామ్ సీసాతో కుస్తీ పట్టాడు. చంకలో పెట్టాడు, మోకాళ్ళ మధ్య పెట్టాడు, తలుపు సందులో పెట్టాడు. ఆమె సాయానికి రాబోతే ఒక్క చూపు చూశాడు. ఆఖరికి సీసా జారి బద్దలైంది. గాజు పెంకుల మధ్య ఆ మనిషి అరగంట కదలకుండా కూర్చున్నాడు. తర్వాత రెండు రోజులు నోరు విప్పలేదు. మూడోరోజు పొద్దున అందరికంటే ముందు లేచి, కొత్త సీసా మూత బలంగా తిప్పి, మళ్ళీ పైపైన పెట్టేసింది ఆమె. ఆ రోజు బావ మూత తీశాడు. తీసి, రొట్టె మీద జామ్ రాసి, ఆమెకే ముందు పెట్టాడు. ఒక్క మూతే కదా అనుకుంది. ఒక అబద్ధానికి కాపలాగా పది అబద్ధాలు కావాలన్న సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

పది దాటి ఎన్నయ్యాయో ఆమె కూడా లెక్కపెట్టుకోలేదు. ఇప్పుడు చెప్పకపోతే, పదింటికి వచ్చే అధికారి ముందు బావ ఇదే ప్రదర్శన ఇస్తాడు. ఆ వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి, సీటు తీసేసి వెళ్ళిపోతారు. చెబితే ఈల ఆగిపోతుంది. రెండిట్లో ఏది మేలో తేల్చుకోవడానికి ఆమెకున్నది రెండున్నర గంటలు.

ఆమె వెళ్ళి బావ చొక్కా గుండీని రెండు వేళ్ళతో పట్టుకుంది.

“ఇది తిప్పి చూడు బావా.”

“ఏముంది?”

“చూడు.”

బావ పట్టీని వెనక్కి తిప్పాడు. పైన గుండీ కదలకుండా గుడ్డకి కుట్టేసి ఉంది. కింద చిన్న నొక్కుడు గుండీ. కాజా కూడా పైకి కనపడేందుకే, చీల్చింది కాదు, దారంతో గీసింది.

“నీ చొక్కాలన్నీ ఇంతే. కొత్తది తెచ్చిన రాత్రే మార్చేస్తాను. లేసు లోపల రబ్బరుంది, ముడి నేను ముందే వేసి కుట్టేశాను. గడియ ఆకురాయితో అరగదీసి నూనె పెట్టాను. దుకాణంలో అద్దాలు అరగదీసే చేతులేగా ఇవి. మూతలు...” ఆమె జామ్ సీసా వంక చూసింది. “మూతలు పొద్దున నాలుగున్నరకి లేచి వదులు చేస్తాను.”

“నీకు నిద్ర పట్టదన్నావు.”

“పడుతుంది బావా. బ్రహ్మాండంగా పడుతుంది.”

బావ చేతిలోని మూత వంక చూశాడు. అప్పుడే, సమయం సందర్భం లేకుండా, మూల నుంచి అత్త గొంతు వినిపించింది.

“నాలుగున్నరకి నువ్వు తిప్పుతున్నావటే! మరి అయిదింటికి నేను తిప్పుతున్నదేంటే?”

ఇద్దరూ అటు తిరిగారు.

“నువ్వు కూడానా అత్తా?”

“వాడు నా కొడుకు కాదేంటి? నీకు మొద్దు నిద్రని, పాపం అలిసిపోయి పడుకున్నావని, నేనే లేచి తిప్పుతున్నాను ఆరేళ్ళుగా. ఎప్పుడూ ఇంత వదులుగా ఉంటాయేంటా అనుకుంటూనే ఇంకాస్త తిప్పేదాన్ని.”

పోయినేడాది మూత దానంతటదే ఊడి పంచదారంతా నేలపాలైన రోజు, తేనె సీసా బావ చొక్కా మీద బోర్లాపడ్డ రోజు, ‘ఈ కంపెనీవాళ్ళు మూతలు బిగించడం మర్చిపోయారు’ అంటూ బావ దుకాణదారుతో పోట్లాడి వచ్చిన రోజు, ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆమెకి నవ్వాగలేదు. అత్త బఠాణీ గిన్నె ఒళ్ళోంచి జారేంతగా నవ్వింది. బావ పెదవి కూడా ఒక పక్కకి వంగింది.

కాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. బావ వెళ్ళి మంచం మీద, ఆ ముడత లేని దుప్పటి మీదే, కూలబడ్డాడు.

“సిగ్నల్‌గాడు ఏడ్చాడే,” అన్నాడు నెమ్మదిగా.

సిగ్నల్ అంటే కేంద్రంలో బావ పక్క బల్ల మనిషి. వైర్లెస్ విభాగంలో పనిచేసి, రెండు చేతుల వేళ్ళూ సగం సగం పోగొట్టుకున్నాడు.

“గుండీలు పడక రోజూ ఆలస్యంగా వస్తాడు. మొన్న అందరి ముందూ వాణ్ణి నిలబెట్టి, నా చొక్కా విప్పి మళ్ళీ వేసి చూపించాను. పదిహేను సెకన్లు. ‘నాకొచ్చింది నీకెందుకు రాదు, ఒళ్ళు వంచి సాధన చెయ్యి, మనసుంటే ఏదైనా వస్తుంది’ అన్నాను. వాడు బయటికెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను చూసి కూడా, ఏడవనీ, అప్పుడే దార్లోకొస్తాడనుకున్నాను.” బావ తలెత్తి ఆమె వంక చూశాడు. “వాడికి నేనేం చేశానో నీకు తెలుస్తోందా?”

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. తన ప్రేమ ఇంటి గుమ్మం దాటి పోయి, ముక్కూమొహం తెలియని ఇంకొకడి చెంప మీద కొడుతుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. “నా తప్పే బావా,” అంది. ఆ మాట పైపైన అన్నది కాదు.

“నీ తప్పని ఎవరన్నారు?” అన్నాడు బావ కసిరినట్టు. ఆ వెంటనే, “ఇంతేనా? ఇంకా ఏమన్నా ఉందా?” అని అడిగాడు.

“ఇంతే,” అంది ఆమె, చూపు పక్కకి తిప్పి.

ఇంతే కాదు. కొన్ని ఆమె దాచుకుంది. అన్నీ ఒక్కరోజే చెప్పేస్తే మనిషి తట్టుకోడని భయపడింది. బావ ఆమె కళ్ళలోకి చూశాడు గాని, అతని ఆలోచన అప్పటికే వేరే దారి పట్టింది.

“కేంద్రంలో మిషన్లు?” అన్నాడు.

“ఏ మిషన్లు?”

“నేను విప్పేవి. స్క్రూలు ఒక్క తిప్పుకే వస్తాయి నాకు. మేస్త్రి కూడా మెచ్చుకున్నాడు, నీ చెయ్యి మంచిదయ్యా అని. ఆయన్ని కూడా నువ్వు...”

“లేదు! అక్కడికి నేనొక్కసారైనా వచ్చానా? ఒట్టు బావా.”

“ఆయనంతట ఆయనే వదులు చేసి పెడుతున్నాడేమో. మంచివాడు. నాలాంటివాళ్ళంటే జాలి.”

“నాకు తెలీదు,” అంది ఆమె. నిజంగానే తెలియదు. తెలియదన్న ఆ ఒక్క మాటతో బావ మొహంలో మిగిలిన వెలుగు కూడా పోయింది. పెన్షన్ పోతే ఇంకో దారి వెతుక్కోవచ్చు. ఈ పని తనకి వచ్చో రాదో తెలియకపోతే ఇక ఏ దారి వెతుక్కోవాలి?

గోడ గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది. బావ లేచి నిలబడ్డాడు. గది నాలుగు మూలలా చూసి, తిన్నగా అత్త దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మా, లే.”

అత్త ఆనుకుని కూర్చున్న బల్ల బల్ల కాదు. పైన గుడ్డ కప్పి, బఠాణీ చిప్పలు పోసుకుంటున్న అత్త పాత కుట్టుమిషను. ఒకప్పుడు ఆ మిషను మీద ఊళ్ళో వాళ్ళ బట్టలు కుట్టే బావను పెంచింది. మామ పోయాక మూత పెట్టింది, మళ్ళీ తీయలేదు.

“దీన్నెవరూ ముట్టలేదు కదా?” అన్నాడు బావ.

“నేనే ముట్టలేదు. తుప్పు పట్టి పోయుంటుంది నాన్నా. దాని జోలికి ఇప్పుడెందుకు?”

“అందుకే.”

“బావా, పదింటికి వాళ్ళొస్తారు,” అంది ఆమె.

“రానీ. వాళ్ళకి చెప్పేముందు నాకు తెలియాలి.”

గుడ్డ తీశాడు. దుమ్ము లేచింది. పనిముట్ల సంచి విప్పి బల్ల మీద తువ్వాలు పరిచాడు. సూది కింద ఉండే రేకుకి రెండు స్క్రూలు. రెండూ తుప్పుతో రేకులో కలిసిపోయి, గాడి కూడా సరిగా కనపడడం లేదు. సూదిమొనతో గాడి గోకి, నూనె చుక్క వేసి, ఆగాడు. మళ్ళీ ఒక చుక్క వేసి, స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ తట్టాడు. కొక్కేలతో మిషను మెడ పట్టుకుని ఎడమచేత్తో తిప్పబోతే మిషనే తిరిగింది గాని స్క్రూ తిరగలేదు. కొక్కెం ఇనుము మీద జారి కీచుమంది. రెండోసారి జారింది. మూడోసారి స్క్రూడ్రైవర్ ఎగిరి నేల మీద పడింది.

ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని గోడకానుకుని నిలబడింది. పరుగెత్తుకెళ్ళి పట్టుకోవాలని చేతులు లాగేస్తున్నాయి. ఆరేళ్ళలో ఇలా చూస్తూ ఊరుకోవడం ఆమెకి ఇదే మొదటిసారి. మూతలు తిప్పడం దీనికంటే వంద రెట్లు సులువు.

బావ నేల మీది స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. మిషను వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు.

“ఇలా రా,” అన్నాడు. “మెడ పట్టుకో. గట్టిగా. తిప్పకు, పట్టుకోవడమే.”

ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఆ నోట ‘పట్టుకో’ అన్న మాట ఆమె వినలేదు. వచ్చి రెండు చేతులా మిషను మెడ పట్టుకుంది. ఆమె కళ్ళు తడిశాయి గాని పట్టు సడలలేదు. బావ భుజం ఆమె భుజానికి తగులుతోంది, నూనె వాసన వేస్తోంది. అతను తిప్పాడు. రాలేదు. నూనె వేసి ఆగాడు. పళ్ళు బిగించి మళ్ళీ తిప్పాడు. ఎనిమిదిన్నర అయింది, తొమ్మిదయింది. అత్త మధ్యలో రెండుసార్లు టీ పెట్టి, ఇద్దరూ తాగకపోతే రెండుసార్లూ తనే తాగేసింది.

తొమ్మిదీ ఇరవైకి స్క్రూ కిర్రుమని ఒక్క వెంట్రుక వాసి కదిలింది.

“కదిలింది!” అంది ఆమె.

“నువ్వు తిప్పలేదుగా?” అన్నాడు బావ అనుమానంగా.

“ఒట్టు.”

“అమ్మా, నువ్వు?”

“నేనిక్కడుంటే!” అంది అత్త కుర్చీలోంచి.

ఆ తర్వాత పని పరుగెత్తింది. రెండో స్క్రూ పావుగంటలో వచ్చింది. రేకు తీశాడు, కింద ఏళ్ళ నాటి దారపు పీచు దూదిలా పేరుకుని ఉంది. బాబిన్ తీశాడు, షటిల్ తీశాడు. ఒక్కొక్క భాగాన్నీ తుడిచి, విప్పిన వరసలో తువ్వాలు మీద పేరుస్తుంటే, కవాతుకి నిలబడ్డట్టున్నాయి. ఈ తుప్పు మీద ఏ మేస్త్రి జాలీ పనిచేయలేదు. ఏ పెళ్ళామూ నాలుగున్నరకి లేచి దీన్ని వదులు చేయలేదు. బావకి పని వచ్చు. ఆ సంగతి ఇప్పుడు బావకే తెలిసింది. ఆమె మొగుణ్ణి చూస్తూ, ఇతణ్ణి మొదటిసారి పెళ్ళిచూపుల్లో చూసి ఉంటే ఎంత బాగుండేదో, చిన్నప్పటి నుంచీ చూసి చూసి విలువ తెలియకుండా పోయిందనుకుంది.

పదికి పది నిమిషాలుండగా తలుపు కొట్టారు.

వచ్చినావిడ ఒంటరిగా వచ్చింది. నడివయసు మనిషి, బరువైన సంచి, మెట్లెక్కిన ఆయాసం. కళ్ళజోడు ముక్కు మీద నిలవక ప్రతి రెండు మాటలకీ పైకి తోసుకుంటోంది. ఎడమ కాడ వదులైందని మన అమ్మాయి గుమ్మంలోనే కనిపెట్టింది. అత్త కుర్చీ ఇచ్చింది. ఆఫీసరమ్మ కూర్చుని, ఫైలు తెరిచి, కలం తీసి, తలెత్తింది. ముడత లేని దుప్పటినీ, వరసలో నిలబడ్డ చెప్పుల్నీ చూసింది. ఆఖరికి ఆమె చూపు తువ్వాలు మీద పరిచిన మిషను భాగాల మీద ఆగిపోయింది.

“ఇది ఎవరు విప్పారు?” అని అడిగింది.

‘నేనే’ అంటే శాతం పోయి సీటు పోతుంది. ‘నేను కాదు’ అంటే ఇప్పుడే దొరికిన పని తన నోటితోనే తను పోగొట్టుకున్నట్టవుతుంది. బావ నోరు తెరిచేలోగా కుర్చీ వెనక నుంచి అత్త ముందుకొచ్చింది.

“నేనేనమ్మా! నా మిషనే. పొద్దున లేవగానే ఓ పట్టు పట్టాను.”

ఆఫీసరమ్మ అత్త చేతుల వంక చూసింది. వణుకుతున్నాయి, పైగా గోళ్ళ నిండా బఠాణీ తొక్కల పచ్చదనం. తర్వాత నల్లటి నూనె కారుతున్న ఇనుప కొక్కేల వంక చూసింది.

“మా అమ్మ అబద్ధం చెప్తోందండీ,” అన్నాడు బావ. నిటారుగా నిలబడ్డాడు గాని గొంతులో పాత కవాతు లేదు. “విప్పింది నేను. మొదటి స్క్రూకి గంట పట్టింది. మూడుసార్లు పనిముట్టు జారింది. ఇదిగో ఈవిడ రెండు చేతులతో మిషను పట్టుకుంటేనే వచ్చింది. పట్టుకునేవాళ్ళు లేకపోతే రాదు. ఫారంలో నేను రాసింది తప్పండీ. అబద్ధం కాదు, నాకు తెలియక రాశాను.”

ఆఫీసరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని ఫారం వంక చూసింది. “చేయగలరు అని రాసుకోనా, చేయలేరు అని రాసుకోనా?”

“రెండూ కాదండీ.”

“అలా రాయడానికి ఇందులో గడి లేదండీ,” అందావిడ. వెటకారంగా అనలేదు, బాధగానే అంది.

అప్పటిదాకా గోడవారగా నిలబడ్డ మన అమ్మాయి ముందుకొచ్చింది. చేతులకంటిన నూనె కొంగుకి తుడుచుకుంది.

“వెనకవైపు ఖాళీగానే ఉందండీ. అటు తిప్పండి. ఈయన ఏం చేయగలడో, ఎవరు ఏం చేసి పెడితే చేయగలడో ఈయనకి తెలీదు. నాకు తెలుసు. పొద్దున నాలుగున్నర దగ్గర మొదలుపెడతాను. రాత్రి దాకా చెప్తాను. ఇంతవరకూ ఈయనకి చెప్పనివి కూడా చెప్తాను. రాసుకోండి.”

ఆఫీసరమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. సంచిలో ఇంకా నాలుగైదు ఫైళ్ళున్నాయి, వాటి వంక చూసింది. గడియారం చూసుకుంది. కాగితం మాత్రం ఇంకా తిప్పలేదు.

“మీకు బయటికెళ్ళే హక్కుంది,” అంది బావతో. “ఇలాంటివి చెప్పేటప్పుడు చాలామంది పక్క గదిలోకి వెళ్ళిపోతారు. మీరుంటారా? మీ ఆవిడ చెప్పేదంతా ఇక్కడే కూర్చుని వినగలరా?”

బావ పెళ్ళాం వైపు తిరిగాడు. ఆమె కళ్ళలోకి చూశాడు. పొద్దున ‘ఇంతే’ అన్న ఆ కళ్ళు ఈసారి పక్కకి తప్పుకోలేదు.